వెనక టైరుకు వేసిన మార్కుల్లో కొన్ని గాలివి

గుంటూరు లక్ష్మీపురం నుంచి విజయవాడ గవర్నర్‌పేటలోని ఆఫీసుకు రోజూ 150 సీసీ బండి మీదే వెళ్లివస్తాను కాబట్టి, నెలకు దాదాపు 1,700 కిలోమీటర్లు తిరుగుతాను. బండితో వచ్చిన టైరు అరిగిపోయాక వేయించిన ఈ ట్యూబ్‌లెస్ వెనక టైరు పద్నాలుగో నెలలో 23,000 కిలోమీటర్లు దాటింది. కొలతలు, ధర దుకాణంలో ఎవరైనా చెబుతారు. నేను రాయదలచినది తడిరోడ్డు మీద దాని పట్టు గురించీ, ఆ పట్టును చేతులారా పోగొట్టుకుని తప్పంతా టైరు మీదకు నెట్టిన నా తెలివి గురించీ.

మొదటి మూడు నెలలు ఈ టైరును పొగడని రోజు లేదు. కొత్త టైరు మీద ఉండే జారుడు పూత పోయేదాకా ఓ వంద కిలోమీటర్లు నెమ్మదిగా నడిపిన మాట నిజమే కానీ, ఆ తర్వాత కాజ టోల్‌గేటు పక్కదారిలో ఇసుక ఉన్నా, మంగళగిరి దగ్గర లారీలు నీళ్లు చిమ్ముతున్నా, బండి వెనక భాగం తొణికేది కాదు. ఆఫీసులో ఇద్దరి చేత ఇదే టైరు వేయించాను కూడా.

జులైలో తొలి వానలు పడిన ఒక ఉదయం, కనకదుర్గ వారధి దిగి కృష్ణలంక వైపు తిరుగుతూ వెనక బ్రేకు కాస్త నొక్కానో లేదో, రోడ్డు మీది తెల్లగీత ఎక్కిన వెనక చక్రం నాకన్నా ముందు వెళ్లాలన్నట్టు పక్కకు జారింది. బండి పడిపోలేదు కానీ, కాలు కింద పెట్టి ఆపబోయి మోకాలు గీరుకుంది, దానితోపాటు మూడు నెలల నమ్మకం కూడా. ఆ రోజంతా ఆఫీసులో కూర్చుని, టైరు అమ్మిన దుకాణంవాడిని ఏయే మాటలతో నిలదీయాలో మనసులో రాసుకున్నాను.

సాయంత్రం పంచర్ షాపులో మేకు ఏమైనా దిగిందేమో చూడమంటే, ఆ పెద్దాయన మేకు వెతకలేదు, బొటనవేలితో టైరును ఒకసారి నొక్కి, గేజి పెట్టి, "నలభై పాయింట్లుంది బాబూ. ఇంత గాలి ఎవరు కొట్టారు?" అన్నాడు. నేనే కొట్టించుకున్నాను. గాలి ఎక్కువ ఉంటే వారం పదిరోజులు మళ్లీ చూసుకోనక్కర్లేదని, మైలేజీ కూడా పెరుగుతుందని, దారిలో ఒకచోట ముప్పయ్యారు పెట్టించడం నాకు అలవాటు. ఆ యంత్రం ముల్లు నాలుగు పాయింట్లు తక్కువ చూపిస్తున్నదన్న సంగతి తర్వాత నా సొంత గేజితో పోల్చుకున్నప్పుడు తేలింది. "టైరు పక్కన రాసినది అది మోయగలిగిన గరిష్ఠం బాబాయ్, అంతవరకు ఫరవాలేదు కదా?" అని వాదించబోతే, చైన్ కవరు మీద దుమ్ము తుడిచి స్టిక్కరు చూపించాడు. ముందు 25, వెనక ఒక్కరికైతే 28, ఇద్దరికైతే 32. నాలుగేళ్లుగా నా కాలి పక్కనే ఉన్న ఆ అంకెలను నేను అప్పుడే మొదటిసారి చదివాను.

గాలి మితిమీరితే టైరు నడుమ ఉబ్బి, నేలను తాకే మేర సన్నబడుతుంది. రోడ్డు గరుకుకు తగినట్టు రబ్బరు ఒదగదు, చిన్న గతుకుకే చక్రం ఎగిరి పట్టు వదులుతుంది. అయితే ఆ రోజు జారుడు నేరమంతా గాలిదేనని ఒట్టు వేయలేను. తొలి చినుకులకు నెలల తరబడి పేరుకున్న దుమ్ము, నూనె కలిసి రోడ్డు జిడ్డవుతుంది, దాని మీద ఆ తెల్లరంగు ఒకటి. కానీ 28కి దింపాక అదే మలుపులో, అదే వానాకాలంలో, కావాలని ఆ గీత మీదుగానే పోనిచ్చిన రోజుల్లోనూ మళ్లీ అలా జారలేదు.

ఆ వారమే ఒక పెన్సిల్ గేజి కొన్నాను. అది చేతికి వచ్చాక చేసిన తెలివితక్కువ పని ఇంకొకటుంది. మే నెల మిట్టమధ్యాహ్నం విజయవాడ చేరి చూస్తే వెనక టైరు 33 చూపించింది. ఎక్కువైందనుకుని అక్కడికక్కడే 28కి దింపాను. మర్నాడు తెల్లవారి గుంటూరులో చూస్తే 24! స్టిక్కరు మీది అంకె చల్లని టైరుకు సంబంధించినదని, ఎండలో నడిచిన టైరులో గాలి నాలుగైదు పాయింట్లు పెరగడం సహజమని, దాన్ని తీసేయకూడదని అలా తెలిసింది. 24తో రెండు రోజులు నడిపితే మలుపుల్లో బండి బద్ధకంగా, బరువుగా తిరిగింది. పైగా గాలి తగ్గిన టైరు పక్కలు నలిగి వేడెక్కుతాయి. ఇప్పుడు ప్రతి ఆదివారం, బండి తీయకముందే, కాఫీ పూర్తయ్యేలోపు చూసేస్తాను. వెనక మా ఆవిడ కూర్చునే రోజు మాత్రం 32.

ఇక మొదట్లో చెప్పిన పొగడ్తలను కొంచెం సవరించుకోవాలి. తడిలో దాని పట్టు 16,000 దాకా అలాగే ఉంది. ఆ తర్వాత టైరు మీది గీతల లోతు తగ్గేకొద్దీ వానలో నేనే వేగం తగ్గిస్తూ వచ్చాను. నడుము భాగం బల్లపరుపుగా అరిగి, వంపులో బండి మొదట మొరాయించి తర్వాత ఒక్కసారిగా వాలుతోంది. రోజుకు అరవై డెబ్బై కిలోమీటర్లు తిన్నని హైవే మీదే నడిస్తే ఏ టైరైనా అలాగే అరుగుతుంది కాబట్టి దాని మీద నాకు కోపం లేదు. కాకపోతే 36 పెట్టించిన ఆ మొదటి నెలలు అరుగుదలను నడుము మీదకు మరింత నెట్టి ఉంటాయి. అవి లేకుంటే ఇంకెంత వచ్చేదో ఇప్పుడు లెక్క కట్టలేను. మన్నిక గురించి ఆఫీసులో నేను చెప్పిన గొప్పలను ఆ ఇద్దరూ అంత యథాతథంగా తీసుకోనక్కర్లేదు.

ఇప్పుడు గీతల మధ్య ఉండే అరుగుదల గుర్తు దాదాపు పైకి తేలింది. ఈసారీ ఇదే టైరు వేయిస్తాను, పక్కన ఉండే నాలుగంకెల్లో ఏ వారం, ఏ సంవత్సరం తయారైందో చూసి. నా బరువు 76 కిలోలు, ఎక్కువగా ఒక్కడినే తిరుగుతాను. బస్తాలు వేసుకుని యార్డుకు వెళ్లే బండికో, ఊళ్లోనే ఆగుతూ సాగుతూ తిరిగే బండికో ఇదే మాట చెప్పలేను. మా ఆవిడకు విజయవాడలో ఉద్యోగం వచ్చి రోజూ ఇద్దరం వెళ్లాల్సివస్తే, బరువు మోయడానికి ఇంకాస్త దిట్టమైన టైరును చూస్తానేమో కూడా.