తలకోనలో రెండు బిల్లులు

ముందు ఆ లాడ్జి సంగతి చెప్పేస్తాను. అది కడుపులో పెట్టుకుని జలపాతం గురించి రాయడం నా వల్ల కాదు.

కార్తీకమాసంలో తిరుమల దర్శనం చేసుకుని, పనిలో పనిగా తలకోన కూడా చూసి గుంటూరు వచ్చేద్దామని బయల్దేరాం. నేను, మా ఆవిడ, అక్క, బావ, ఇద్దరు పిల్లలు. దర్శనం హాయిగా అయింది. గదుల పని మాత్రం బావ నెత్తిన వేసుకున్నాడు. ఫోన్లో ఫొటో కనబడితే చాలు, నమ్మేస్తాడాయన. ‘జలపాతం వైపు బాల్కనీ గది’ అని చూసి, ఒక్కోటి 2,800 చొప్పున రెండు గదులు మాట్లాడి, 2,000 అడ్వాన్సు పంపేశాడు. దాని పేరు ఇక్కడ రాయను.

తిరుపతి నుంచి తలకోన 60 కిలోమీటర్లు కూడా ఉండదు. రంగంపేట, భాకరాపేట, నెరబైలు మీదుగా వెళ్లాలి. రెండు రోజులకు కారు 6,500, డ్రైవర్ బత్తా 600. భాకరాపేట ఘాట్ మలుపులు అంత తేలిగ్గా ఉండవు. ‘చీకటి పడితే ఈ ఘాట్లో బండి తియ్యను సార్’ అని డ్రైవర్ ముందే చెప్పేశాడు. మంచిపని చేశాడు.

సాయంత్రం లాడ్జికి చేరి, బావ ఉత్సాహంగా బాల్కనీ తలుపు తీశాడు. ఎదురుగా మామిడితోట, దాని ముందు సిమెంటు నీళ్ల ట్యాంకు. జలపాతం ఇంకా 14 కిలోమీటర్లు ఉందట.

‘ఏమయ్యా, జలపాతం ఏదీ?’ అన్నాడు బావ.

సామాన్లు తెచ్చిన కుర్రాడు ఏమాత్రం తడుముకోలేదు. ‘గాలి ఇటు తిరిగితే సౌండు వినిపిస్తాది సార్!’

అక్క నవ్వు ఆపుకోలేక గదిలోకి వెళ్లిపోయింది. బావ ఆ రాత్రంతా మాతో సరిగ్గా మాట్లాడలేదు. రాత్రి రెండుసార్లు లేచి బాల్కనీలోకి వెళ్లొచ్చాడని మర్నాడు అక్క చెప్పింది. గాలి తిరిగిందేమో చూద్దామనే అయ్యుంటుంది.

పొద్దున గీజరు పని చెయ్యలేదు. వేణ్నీళ్లు బకెట్ 40 రూపాయలు. పిల్లలకి ‘ఎక్స్‌ట్రా బెడ్’ అని తలకి 500 తీసుకుని ఇచ్చినవి రెండు చాపలు, రెండు దుప్పట్లు. చివరికి నోట్‌బుక్‌లోంచి చించిన కాగితం మీద బిల్లు వచ్చింది: గదులు 5,600, బెడ్లు 1,000, మూడు బకెట్లు 120, జీఎస్టీ 672. మొత్తం 7,392. జీఎస్టీ నంబరు ఏదని అడిగితే కంప్యూటర్ పనిచెయ్యడం లేదన్నాడు. ఆ టేబుల్ మీద అసలు కంప్యూటరే లేదు. ఓనరు ఫోన్లో తప్ప దొరకడు. అరగంట వాదించాక ఆ 672 మాత్రం కొట్టేశారు. మిగతాదంతా కట్టి బయటపడ్డాం.

మీరు వెళ్తే తిరుపతిలోనే ఉండండి. పొద్దున ఆరింటికి బయల్దేరితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. రాత్రి అక్కడే గడపాలని ఉంటే లోపల అటవీ శాఖ అతిథి గృహాలున్నాయి, వాటికోసం ముందుగా ప్రయత్నించండి. రోడ్డు పక్కన జలపాతం బొమ్మ వేసుకున్న బోర్డుల్ని మాత్రం నమ్మకండి.

ఇక అడవి. ఇదంతా శ్రీ వేంకటేశ్వర జాతీయ వనం, 1989లో ప్రకటించారు. శేషాచలం కొండలు. ఎర్రచందనం సహజంగా పెరిగేది ఈ చుట్టుపక్కల తూర్పు కనుమల్లోనే. ఆ చెట్టు ఎలా ఉంటుందో చూడాలని మావాడు దారంతా ఒకటే గోల. డ్రైవర్ చూపించాడు. మామూలు చెట్టే, పైకి ఎరుపేమీ లేదు. వాడు నిరాశపడ్డాడు.

కొండ కింద సిద్ధేశ్వరస్వామి గుడి. కార్తీకం కాబట్టి దీపాలు పెట్టే ఆడవాళ్లతో గుడి కిటకిటలాడుతోంది. మా ఆవిడా అక్కా కూడా దీపాలు వెలిగించారు. ఆ గుడి దగ్గరే, కార్లు ఆపేచోట, తాటాకు పందిరి కింద ఒక పెద్దావిడ పొయ్యి రాజేస్తోంది.

‘ఎంతమందుండారు నాయనా? సంగటి తింటారా? ఇప్పుడు చెప్పిపోతే మీరు దిగొచ్చేలోపల చేసిపెడతా.’

అప్పటికే ఒకచోట మోసపోయి ఉన్నాం. ‘ఎంతవుతుంది?’ అని బావ గట్టిగానే అడిగాడు. నాటుకోడి వండి ఇస్తే 1,050, సంగటి ముద్ద 30. అడ్వాన్సు ఇవ్వబోతే వద్దంది. ‘తిన్నాక ఈయండి’ అంది.

గుడి దాటాక మెట్లు, ఆపైన రాళ్ల దారి. చెట్ల మధ్య మనిషి నడుమంత లావున మెలికలు తిరిగిన తీగలు ఒక కొమ్మ నుంచి ఇంకో కొమ్మకు పాకి ఉన్నాయి. గిల్లతీగ అంటారు. మూరెడుకు మించిన కాయలు వేలాడుతున్నాయి. కోతులు మా ఆవిడ చేతిలో చక్కిలాల ప్యాకెట్ లాక్కుపోయాయి. అందుకని చేతిలో ఏమీ పట్టుకోకండి, అన్నీ బ్యాగులో వేసి జిప్పు పెట్టేయండి. నున్నటి అడుగు ఉన్న చెప్పులతో వెళ్లకండి. బావ రెండుచోట్ల జారాడు, రెండోసారి ప్యాంటు చిరిగింది.

దాదాపు 270 అడుగుల ఎత్తు నుంచి పడే నీళ్లు. రాష్ట్రంలో ఇంతకన్నా ఎత్తైనది లేదంటారు. ఈశాన్య రుతుపవనాల వానలు ఈ కొండలమీద అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి కాబట్టి మేం వెళ్లినప్పుడు ధార బలంగా ఉంది. వేసవిలో వెళ్లినవాళ్లు ‘ఇంతేనా’ అంటుంటారు. వాళ్ల తప్పు కాదు, అప్పుడు ఒక పాయే ఉంటుంది. నీళ్లు రాతి అంచు మీద విరిగి, కిందికి వచ్చేసరికి సగం తుంపరైపోతాయి. మా అక్క కాశీలో కూడా గంగలోకి దిగకుండా నెత్తిన చల్లుకుని వచ్చిన మనిషి. ‘నాకొద్దు, జలుబు చేస్తుంది’ అని ఒడ్డున కూర్చుంది. పది నిమిషాల్లో చీర కుచ్చిళ్లు దోపుకుని ధార కింద నిలబడింది. పిల్లలు బయటికి లాగితే కానీ రాలేదు. కింద గుండం లోతు పైకి తెలీదు. రాళ్ల మీంచి దూకి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు, దూకకండి.

ఒంటిగంట దాటాక తడిబట్టలతో దిగొచ్చేసరికి పందిరి కింద విస్తళ్లు వేసి ఉన్నాయి. సంగటి ముద్దలు పొగలు కక్కుతున్నాయి. కోడిపులుసులో మసాలా ఘాటు కన్నా మిరియాలూ ధనియాలే తెలుస్తున్నాయి. పక్కన గోంగూర, చెనిక్కాయల ఊరిబిండి, అంటే వేరుసెనగ పచ్చడి. అక్కా, మా ఆవిడా కార్తీకమని కోడి ముట్టలేదు. ఊరిబిండితో చెరో రెండు ముద్దలు తిన్నారు. కార్తీకం సంగతి బావకు గుర్తు రాలేదు, మేమూ గుర్తు చెయ్యలేదు. సంగటి నమలకూడదనీ, పులుసులో ముంచి మింగాలనీ పెద్దావిడ మావాడికి నేర్పింది. రాత్రి నుంచి ముభావంగా ఉన్న బావ మూడో ముద్ద దగ్గర మామూలు మనిషయ్యాడు.

పదకొండు ముద్దలు, 330. కోడి 1,050. మొత్తం 1,380. ఊరిబిండికి ఎంత అంటే నవ్వింది. బావ 1,500 ఇచ్చి చిల్లర వద్దన్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు. 120 రూపాయలకి సరిపడా నాలుగు ముద్దలు ఆకులో చుట్టి కట్టి ఇచ్చింది.

తిరుగు దారిలో చెక్‌పోస్టు దగ్గర కారు ఆపి డిక్కీ తెరిపించారు, ఎర్రచందనం కోసం. గార్డు బ్యాగులన్నీ జరిపి, ఆకుల మూట పైకెత్తి వాసన చూశాడు.

‘గుడికాడి అవ్వ సంగటా సార్?’

‘అవును.’

మూట జాగ్రత్తగా మళ్లీ అక్కడే పెట్టి, ‘పులుసేం మిగల్లేదా?’ అన్నాడు.