రేంజ్‌ఫైండర్ వణికినంత మాత్రాన నమ్మకండి

గోల్ఫ్‌లో జెండా ఎంత దూరంలో ఉందో కొలిచే నా లేజర్ రేంజ్‌ఫైండర్‌లో నాకు కోపం తెప్పించేది ఒక్కటే. జెండా దొరికిందని చెప్పడానికి చేతిలో బుర్రుమని వణుకుతుంది చూడండి, అదీ. కొనేటప్పుడు ఆ వైబ్రేషన్ కోసమే ఇంకాస్త ఎక్కువ డబ్బు పెట్టాను. ఇప్పుడు అది వణికిన ప్రతిసారీ ముందు అనుమానం వస్తోంది, తర్వాతే అంకె చదువుతున్నాను.

ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుంది, ఎన్ని గజాల దాకా కొలుస్తుంది లాంటివి డబ్బా మీదే ఉంటాయి, వాటిని వదిలేస్తున్నాను. కంపెనీ పేరు కూడా రాయను. నేను చెప్పే తంటాకి మూలం లేజర్ పనిచేసే తీరులోనే ఉంది కాబట్టి పేరు తెలిసినా మీకు పెద్దగా ఒరిగేది లేదు.

నేను వారాంతాల్లో మాత్రమే ఆడతాను. హ్యాండిక్యాప్, అంటే ఆట స్థాయిని చెప్పే అంకె (తక్కువైతే మంచి ఆటగాడని), ఇరవై దగ్గర ఊగిసలాడుతూ ఉంటుంది. సెవెన్ ఐరన్ అనే క్లబ్‌తో (బంతిని కొట్టే కర్ర) సరిగ్గా తగిలితే 140 గజాలు వెళ్తుంది, తగలకపోతే ఎంతైనా వెళ్లొచ్చు. ఎక్కువగా ఆడేది హైదరాబాద్‌లో, గోల్కొండ నయా ఖిల్లా వైపు. అక్కడ ఆడినవాళ్లకి తెలుసు, ఒక పక్క కోట గోడ, మరో పక్క హతియాన్ కా ఝాడ్ అని పిలిచే ఆ బ్రహ్మాండమైన బావోబాబ్ చెట్టు, ఎటు చూసినా గ్రానైట్ గుండ్లు. ఆ గుండ్ల గురించే ఇప్పుడు చెప్పాలి.

వానలు మొదలైన కొత్తలో ఒక ఆదివారం. గాలి లేదు. జెండా గుడ్డ తడిసి కర్రకి అతుక్కుపోయింది. పార్ ఫోర్ హోల్‌లో (నాలుగు షాట్లలో ముగించాల్సింది) నా టీ షాట్, అంటే మొదటి షాట్, ఎడమ పక్క రఫ్‌లో, ఎత్తు గడ్డిలో పడింది. గ్రీన్‌కి (జెండా పాతిన నున్నటి పచ్చిక) 150 గజాలని చెప్పే మార్కర్ ఎక్కడుందో అక్కణ్ణుంచి కనిపించదు. ఇలాంటి చోట కోసమే కదా ఇంత పెట్టి కొన్నది అనుకుని మిషన్ కంటికి పెట్టాను. 163 అని చూపించి గట్టిగా వణికింది. మా క్యాడీ, అంటే బ్యాగ్ మోస్తూ సలహా చెప్పే మనిషి, వయసులో నాకంటే పెద్దాయన, మాకందరికీ చాచా. “140 సాబ్, సెవెన్ ఐరన్” అని క్లబ్ కూడా సగం బయటికి లాగేశారు. ఒకవైపు ఏళ్ల తరబడి ఆ గడ్డి మీద నడిచిన మనిషి, మరోవైపు లేజర్. పైగా అది వణికింది! సెవెన్ ఐరన్ కంటే దూరం కొట్టే ఫైవ్ హైబ్రిడ్ తీసుకున్నాను.

ఆ రోజు మొత్తంలో అంత శుభ్రంగా తగిలిన షాట్ ఇంకొకటి లేదు. బంతి సరిగ్గా జెండా మీదుగానే వెళ్లింది. గ్రీన్‌ని ఎక్కడా తాకకుండా వెనక బండ మీద టక్కుమని మోగి, పొదల్లోకి పోయింది. మా ఫోర్‌బాల్‌లో, అంటే కలిసి ఆడే నలుగురిలో, అందరికంటే చిన్నవాడు, “షాట్ సూపర్ అన్నా, పక్క హోల్ జెండాకి కొట్టావా?” అన్నాడు. చాచా మాత్రం నవ్వలేదు. గ్రీన్ వెనక్కి చూపిస్తూ, “మిషన్‌కు పత్థర్ దిఖ్రా సాబ్, ఝండా నై” అన్నారు. మిషన్‌కి రాయి కనిపిస్తోంది, జెండా కాదు అని.

వెనక గ్రూప్ ఇంకా టీ దగ్గరే ఉంది కదా అని అక్కడే నిలబడి మళ్లీ కొలిచాను. 163. మళ్లీ 163. తర్వాత 141. ఆ తర్వాత 158. నాకు మండిందెక్కడంటే, అంకె మారిన ప్రతిసారీ అదే వణుకు, అంతే ధీమాగా. “బహుశా” అనే వణుకు ఒకటి, “ఖాయం” అనే వణుకు ఒకటి విడివిడిగా ఉంటే ఇంత గొడవ లేదు.

ఇంటికొచ్చాక మాన్యువల్ తీసి, అది పనిచేసే పద్ధతేంటో కూర్చుని చదివాను. లేజర్ దూరం వెళ్లేకొద్దీ వెడల్పవుతుంది. జెండా కర్రేమో బొటనవేలంత లావు కూడా ఉండదు. అందుకని మనం చేతిని కొంచెం అటూ ఇటూ కదిపితే వెలుగులో కొంత కర్రకి తగిలి, మిగతాది వెనకున్న వాటికి తగిలి తిరిగొస్తుంది. దూరంగా ఒకటి, దాని ముందు దగ్గరగా ఇంకొకటి ఉందని తేలగానే, ఆ దగ్గరదే జెండా అని తీర్మానించుకుని వణుకుతుంది. దానికి జెండా అంటే ఏమిటో తెలియదు, ముందూ వెనకా మాత్రమే తెలుసు. గ్రీన్ వెనక చెట్ల వరుస దూరంగా ఉండే కోర్సులో ఈ లెక్క చక్కగా కుదురుతుంది. మన దగ్గర బండ ముందు బండ ఉంటుంది. తడిసిన సన్నటి కర్ర కంటే అంత పెద్ద రాయి నుంచే వెలుగు బాగా వెనక్కొస్తుంది. రెండు రాళ్ల మధ్య ఇరవై గజాల తేడా ఉంటే, ముందున్న రాయి దాని కంటికి జెండానే.

డాలస్‌లో ఉన్న మా తమ్ముడి దగ్గర ఇదే మోడల్ ఉంది. వాడు నమ్మలేదు. “నీది డిఫెక్టివ్ పీస్ అన్నయ్యా, మార్పించుకో” అన్నాడు. వాడు ఆడేచోట నేల చదును, జెండా కర్రల మీద లేజర్‌ని తిప్పికొట్టే ప్రిజమ్‌లు కూడా బిగించి ఉంటాయట. అలాంటిచోట ఎవరి మిషనైనా బుద్ధిగానే ఉంటుంది. అయినా వాడి మాట మీద సర్వీస్‌కి పంపించాను. చాలా రోజులు ఉంచుకుని, పీస్ బాగానే ఉందని ఒక చీటీ పెట్టి తిప్పి పంపారు. వాళ్ల గది గోడ మీదకి పెట్టి చూస్తే బాగానే ఉంటుంది మరి.

ఇప్పుడు నేను చేసేది ఇది. మోచేతులు డొక్కలకి ఆనించి రెండు చేతులతో పట్టుకుంటాను, సగం పొరపాట్లు చెయ్యి వణకడం వల్లే. ముందు గ్రీన్ ముందున్న బంకర్ (ఇసుక గుంట) అంచుని కొలుస్తాను, తర్వాత జెండాని. గ్రీన్ ముందు నుంచి వెనక దాకా ఉన్న దూరంలో జెండా అంకె ఇమడకపోతే అది జెండా కాదు. మా గ్రూప్‌లో ఒకరికి జీపీఎస్ వాచీ ఉంది. అది జెండా ఎక్కడుందో చెప్పదు, గ్రీన్ ముందు, మధ్య, వెనక ఎంతెంత దూరమో చెప్తుంది. ఆ మూడు అంకెలు వింటే చాలు, నా మిషన్ అబద్ధమాడుతోందో లేదో వెంటనే తెలిసిపోతుంది. నిజం చెప్పాలంటే నా స్థాయి ఆటగాడికి జెండాకి 141 గజాలా 143 గజాలా అన్నది పట్టింపే కాదు. బంకర్ దాటాలంటే ఎంత కొట్టాలి, ఎంత మించితే వెనక్కి పడిపోతాం అన్నవే కావాలి. వైబ్రేషన్ మోజులో పడితే కళ్లు జెండా మీదే ఉండిపోతాయి. అది వణికేదాకా కదలని మనుషుల వల్ల ఫోర్‌బాల్ ఎంత నెమ్మదిస్తుందో వెనక గ్రూప్ వాళ్లని అడగండి.

ఇక దీంట్లో ఉన్న స్లోప్ అనే సదుపాయం సంగతి. కొన్న కొత్తలో దీని గురించి మా వాట్సాప్ గ్రూప్‌లో తెగ పొగిడాను, కొందరు నా మాట విని కొన్నారు కూడా. ఎత్తుపల్లాల్ని లెక్కలోకి తీసుకుని, 140 గజాలే అయినా 150కి కొట్టు అని చెప్పడం నిజంగా పనికొచ్చేదే. వైజాగ్‌లో ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ కోర్సులో ఆడినప్పుడు ఎత్తులో ఉన్న గ్రీన్‌లకి అది చెప్పిన క్లబ్ చాలాసార్లు సరిపోయింది. కాకపోతే అది తెల్లవారుజామున. పొద్దెక్కి సముద్రపు గాలి మొదలయ్యాక అదే అంకెని పట్టుకుంటే బంతి సగం దారిలోనే ఆగినట్టయ్యేది. మిషన్‌కి కోణం తెలుసు, గాలి తెలియదు. పక్కన ఉన్నాయన, సముద్రం దగ్గర తేమ వల్ల గాలి బరువెక్కి బంతి పోదన్నాడు. తేమ గాలి నిజానికి పొడి గాలి కంటే తేలిక. హైదరాబాద్ సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తులో ఉంది, ఇక్కడ గాలి కొంచెం పలచన. ఆ తేడా నా సెవెన్ ఐరన్‌కి రెండు మూడు గజాలకి మించదు. మిగతాదంతా ఎదురుగాలి, మన స్వింగ్.

ఇంకోటి, క్లబ్‌లో పోటీ ఉన్న రోజు స్లోప్ ఆఫ్ చేసి తీరాలి. 2019 నుంచి నిబంధనలు దూరం కొలిచే పరికరాల్ని అనుమతిస్తున్నాయి, స్థానిక నిబంధన పెట్టి వద్దంటే తప్ప. ఎత్తు తేడా కొలవడానికి మాత్రం అనుమతి లేదు. స్ట్రోక్ ప్లేలో, అంటే మొత్తం షాట్లు లెక్కపెట్టే పోటీలో, మొదటిసారి దొరికితే రెండు స్ట్రోకులు అదనంగా పడతాయి, మళ్లీ దొరికితే ఆట నుంచే అవుట్. అందుకే స్లోప్ స్విచ్ బయటికి కనిపించేలా ఉన్న మోడలే మేలు. మెనూ లోపల దాక్కుంటే పక్కవాళ్లకి మన మీద నమ్మకం ఉండదు.

కళ్లద్దాలున్నవాళ్లకి ఒక మాట. నావి ప్రోగ్రెసివ్ అద్దాలు, దూరానికీ దగ్గరికీ ఒకే అద్దం. ఎండలో అంకెలు నల్లగా బాగానే కనిపిస్తాయి. తెల్లారగట్ల మబ్బు వెలుగులో, వెనక చెట్టు నీడ ఉంటే నల్ల అంకె నల్ల నీడలో కలిసిపోతుంది. ఎర్ర అంకెలు చూపించేవి ఉన్నాయి, కాస్త ఖరీదెక్కువ. పొద్దున్నే ఆడేవాళ్లకి వైబ్రేషన్ కంటే అదే పనికొస్తుందని ఇప్పుడు అనుకుంటున్నాను.

మరి కొనాలా వద్దా? మీ కోర్సు చదునుగా ఉండి, గ్రీన్ వెనక ఖాళీగా ఉంటే, లేదా క్యాడీ లేకుండా మీ బ్యాగ్ మీరే మోసుకుంటూ ఆడుతుంటే కొనండి, నేను పడినన్ని తిప్పలు ఉండవు. హ్యాండిక్యాప్ పది లోపు ఉన్నవాళ్ల సంగతి వేరు, వాళ్లకి ఒక్కో గజం లెక్కే. నాలాంటివాళ్లు, అదీ రాళ్ల మధ్య ఆడేవాళ్లు, ముందు వాచీ గురించి ఆలోచించడం మంచిది. నాది ఇప్పుడు పాడైతే వెంటనే ఇంకొకటి కొంటానా అంటే చెప్పలేను. చాచా ఉన్నన్నాళ్లూ తొందర లేదు. ఆయన సెలవు పెట్టిన ఆదివారం అడిగితే నా జవాబు మారొచ్చు.

బ్యాటరీ గురించి చెప్పడం మర్చిపోయాను. దీంట్లో పడేది సీఆర్2. కొట్లో అడిగితే సీఆర్2032 అనే బిళ్ల బ్యాటరీ చేతిలో పెడతారు, అది పట్టదు. పొట్టిగా గొట్టంలా ఉండేది అడగండి, కెమెరా షాపుల్లో దొరుకుతుంది. ఒకటి ఎప్పుడూ బ్యాగులో ఉంచుకోండి.