నాలుగేళ్లుగా ఆడుతున్న మూడు జగ్లింగ్ బంతులు

నాలుగేళ్ల కిందట 900 రూపాయలు పెట్టి మూడు జగ్లింగ్ (వరసగా గాలిలోకి ఎగరేసి పట్టుకునే ఆట) బంతులు తెప్పించుకున్నాను. పైన రెగ్జిన్, లోపల సజ్జలు, ఒక్కొక్కటి 120 గ్రాములు. అంతకుముందు వాడిన టెన్నిస్ బంతులు 60 గ్రాములు కూడా తూగవు. అరచేతిలో పడగానే ఎగురుతాయి, జారితే మంచం కిందికో మోరీలోకో దొర్లుతాయి. ఇవి పడ్డచోటే చతికిలబడతాయి. నేర్చుకునేవారు రోజుకు వందసార్లు వంగి ఏరుకోవలసి వస్తుంది కనుక ఈ ఒక్క గుణానికే ఆ ధర చెల్లుతుందని నా అభిప్రాయం.

చిన్నప్పుడు కచ్చకాయలు బాగా ఆడినదాన్ని కాబట్టి వారంలో పట్టుబడుతుందనుకున్నాను గానీ, ఆ అలవాటే అడ్డొచ్చింది. కచ్చకాయల్లో ఎగరేసిన చెయ్యే పట్టుకుంటుంది, చూపు నేల మీది రాళ్ల వైపు పోతుంది. ఇక్కడ ఒక చేతి బంతి రెండో చేతికి దాటాలి, అది పైకొసకు చేరినప్పుడే తరువాతిది వదలాలి, చూపు మాత్రం బంతులు మలుపు తిరిగే చోటే నిలవాలి. చేతిని చూడకుండానే బంతి పడిన సంగతి తెలియడానికి ఈ బరువు ఎంతో ఉపకరించింది. చేతి నుంచి 60 సెంటీమీటర్ల ఎత్తుకు వేసిన బంతి గాలిలో ఉండేది దాదాపు 0.7 సెకన్లే. ఆ వ్యవధి రెట్టింపు కావాలంటే ఎత్తు నాలుగింతలు కావాలి. తొందరపడి పైపైకి విసిరేవారికి (నేనూ అంతే) బంతి అదుపు తప్పడం తప్ప ఒరిగేదేమీ లేదు.

లోపం వానకాలంలో బయటపడింది. రెండో ఏడు సజ్జలకు పురుగు పట్టి, కుట్ల సందుల్లోంచి పిండి రాలసాగింది. హనుమకొండలో మా వీధి కిరాణా కొట్టు త్రాసులో తూచితే ఒకటి 111 గ్రాములకు దిగింది. అదొక్కటే మిగతావాటికంటే ఎత్తుకు లేస్తున్నదని చేతికి అప్పటికే తెలుసు. కుట్లు విప్పి, రెండు రోజులు ఎండబెట్టిన సజ్జలు నింపి, చెప్పులు కుట్టే ఆయనతో మళ్లీ కుట్టించాను. బిగించి నింపితే బంతి రాయిలా గట్టిపడి అరచేతిలోంచి తుళ్లుతుంది కనుక కొంత ఖాళీ వదిలాను.

రంగు విషయంలోనూ పొరపడ్డాను. భద్రకాళి చెరువు బండ్ మీద పొద్దుగూకాక నీలం బంతి కంటికి ఆనదు. బతుకమ్మ రోజుల్లో అపార్ట్‌మెంట్ పిల్లల ముందు ఆడినప్పుడు రెండుసార్లు జారింది కూడా అదే.

ఇప్పుడు నాలుగో బంతి కోసం చూస్తే అదే రకంలో పసుపు రంగు దొరికింది గానీ బరువు 130 గ్రాములట. తెప్పించి, కుట్లు విప్పి, పది గ్రాముల సజ్జలు తీసేయాలి.