పాలియేటివ్ కేర్ శిక్షణ: సరిహద్దు ఆసుపత్రికి ఏది మేలు?

ఒడిశాలో ఆంధ్ర సరిహద్దు దగ్గరున్న రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి, కొరాపుట్ వైపు చిన్న ఆసుపత్రులకి క్యాన్సర్ రోగులు ఎక్కువగా ఆఖరి మజిలీలోనే వస్తారు. విశాఖలోనో కటక్‌లోనో "ఇంక ఇంటికి తీసుకెళ్లండి" అనిపించుకుని వచ్చినవాళ్లే ఎక్కువ. అడ్డపొగ (చుట్ట నిప్పు నోట్లో పెట్టి) తాగినవాళ్లకి అంగిట్లో పుండు, గుడాకు (పళ్లకి రాసుకునే పొగాకు ముద్ద) రుద్దినవాళ్లకి బుగ్గ లోపల పుండు. చేతిలో కొన్నాళ్లకి సరిపడా మార్ఫిన్ గోలీలుంటాయి. అవి అయిపోతే మళ్లీ రైలెక్కాలి, లేకపోతే నొప్పి ఓర్చుకోవాలి. ఇలాంటి చోట పనిచేసే డాక్టరు, నర్సు పాలియేటివ్ కేర్‌లో, అంటే జబ్బు నయం కాకపోయినా నొప్పీ బాధా తగ్గించే వైద్యంలో, ఏ శిక్షణకి వెళ్తే ఉపయోగమో చూద్దాం. సర్టిఫికెట్ గోడకి ఎంత అందంగా ఉంటుందన్నది మాకు లెక్కలోకి రాదు. ఊళ్లో మార్ఫిన్ దొరుకుతుందా, ఇంటికెళ్లి పుండు కట్టే మనిషి తయారవుతుందా అన్నవే మా కొలతలు.

ముందు మార్ఫిన్ సంగతి. మత్తుమందుల్ని నియంత్రించే ఎన్‌డీపీఎస్ చట్టాన్ని 2014లో సవరించాక మార్ఫిన్, ఫెంటనిల్, మెథడోన్‌లాంటి ఆరు మందులు 'అత్యావశ్యక నార్కోటిక్ మందులు' అయ్యాయి. వాటిని నిల్వ పెట్టుకోవాలంటే ఆసుపత్రికి రాష్ట్ర డ్రగ్స్ కంట్రోలర్ గుర్తింపు కావాలి. ఆ గుర్తింపుకి నొప్పి నివారణ, పాలియేటివ్ కేర్‌లో శిక్షణ పొందిన డాక్టరు ఒకరైనా ఉండాలి. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. ఏ కోర్సు సర్టిఫికెట్ చెల్లుతుందో భువనేశ్వర్‌లోని డ్రగ్స్ కంట్రోలర్ ఆఫీసుని ముందే రాతపూర్వకంగా అడగాలి, ఆ తర్వాతే ఫీజు కట్టాలి. ఆంధ్రలో ఒక ఆసుపత్రికి వచ్చిన గుర్తింపు ఒడిశాలో ఇంకో ఆసుపత్రికి పనికిరాదు.

ఇక దారులు. ఇండియన్ అసోసియేషన్ ఆఫ్ పాలియేటివ్ కేర్ నడిపే ఎనిమిది వారాల దూరవిద్య కోర్సు అన్నిటికన్నా సులువు. డాక్టర్లు, నర్సులు ఇద్దరూ చేరొచ్చు, డ్యూటీ మానక్కర్లేదు. ఆ తర్వాత ఒక సెంటర్లో పది రోజుల క్లినికల్ శిక్షణ పెట్టుకునే వీలుంది. ఆ పది రోజులు వదిలేస్తే ఈ కోర్సు పుస్తకజ్ఞానంతోనే ఆగిపోతుంది. ఒక్క డాక్టరుతో నడిచే ఆసుపత్రికి, ఆ డాక్టరు నెలన్నర కదల్లేని పరిస్థితికి ఇదే గతి, అదీ పది రోజులతో కలిపి.

ఆరు వారాల రెసిడెన్షియల్ కోర్సు ఇంకో దారి. హైదరాబాద్ ఎమ్‌ఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలోనూ, తిరువనంతపురంలో పాలియమ్ ఇండియా సంస్థ దగ్గరా, కోళికోడ్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పాలియేటివ్ మెడిసిన్‌లోనూ ఉంది. డాక్టర్లకి, నర్సులకి వేర్వేరుగా నడుస్తుంది. దూరవిద్యలో లేనిది ఇక్కడ దొరికేది, పక్కన నిలబడి చూసి నేర్చుకోవడం.

మార్ఫిన్ మొదలుపెట్టడమే తీసుకుందాం. మామూలుగా 5 మి.గ్రా. చొప్పున నాలుగేసి గంటలకి ఒకసారి. ఉదయం ఆరు, పది, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు. రాత్రి పదింటికి రెట్టింపు వేస్తే నడిరాత్రి లేపక్కర్లేదు. రోజు మొత్తం 30 మి.గ్రా. మధ్యలో నొప్పి పొడుచుకొస్తే అదనంగా ఇచ్చే డోసు మొత్తంలో ఆరో వంతు, అంటే మళ్లీ 5. రోజులో మూడుసార్లు అదనంగా పడితే మొత్తం 45, కాబట్టి మర్నాటి నుంచి ఒక్కో డోసు 7.5, రాత్రిది 15. ముసలివాళ్లకీ చిక్కిపోయినవాళ్లకీ 2.5తో మొదలు. మొదటి గోలీతోపాటే రాత్రికి విరేచనం మందు బిసాకోడిల్ రాయాలి, మార్ఫిన్ వల్ల వచ్చే మలబద్ధకం ఎన్నాళ్లు గడిచినా తగ్గదు కాబట్టి. వాంతి భావం మాత్రం సాధారణంగా కొద్దిరోజుల్లో సర్దుకుంటుంది.

కాగితం మీద ఇంతే. తప్పులు జరిగేది చీటీ దగ్గర. 'నొప్పి ఉంటే వేసుకోండి' అని రాస్తే రోగి ఓర్చుకోగలిగినంత ఓర్చుకుని, నొప్పి ముదిరాక మింగుతాడు. అప్పుడది పనిచేయదు, 'మార్ఫిన్ కూడా పట్టలేదు' అన్న పేరొస్తుంది. కిడ్నీలు దెబ్బతిన్న మనిషిలో మందు పేరుకుని మగత, కండరాల ఉలికిపాట్లు వస్తాయి. దాన్ని నొప్పనుకుని డోసు పెంచితే ప్రమాదం. ఇలాంటి రోగిని పడక పక్కన ఒకసారి చూసిన డాక్టరు మళ్లీ పొరపడడు.

నర్సు నేర్చుకునేది ఇంకా చేతిపని. కంపు కొట్టే పుండుకి మెట్రోనిడజోల్ గోలీలు మెత్తగా నూరి చల్లడం, పురుగులు పడితే టర్పెంటైన్‌లో తడిపిన గాజుగుడ్డ పుండు అంచున పెట్టి, బయటికొచ్చినవాటిని ఫోర్సెప్స్‌తో ఏరడం, మింగలేనివాళ్లకి సన్న బటర్‌ఫ్లై సూది చర్మం కిందే పెట్టి మందివ్వడం. వీడియోలో చూస్తే ఇవి వచ్చేవి కావు.

హైదరాబాదా, కేరళా? మాటల విషయంలో హైదరాబాదే. "రోగం పేరు మాత్రం మా నాన్నతో అనకండి డాక్టరుగారూ" అని తలుపు దగ్గర పట్టుకునే కొడుకుతో ఏం మాట్లాడాలో, లోపల మంచం మీదున్నాయనని "ఇప్పటిదాకా మీకేం చెప్పారు?" అని ఎలా మొదలుపెట్టాలో తెలుగు వార్డులోనే ఒంటబడుతుంది. కువి, సవర, ఒడియా మాట్లాడే ఇళ్లకి మాత్రం అది చాలదు, స్థానిక ఆశా కార్యకర్త పక్కనుండాల్సిందే. ఇంటింటి సేవ ఎలా నడుస్తుందో చూడాలంటే కేరళకి సాటి లేదు. 2008లోనే ఆ రాష్ట్రం పాలియేటివ్ కేర్ విధానం ప్రకటించింది. అక్కడ ఈ పని నడిపించేది ఎక్కువగా నర్సులు, వలంటీర్లే. డాక్టర్ని హైదరాబాద్‌కి, ఇల్లిల్లూ తిరగబోయే నర్సుని కేరళకి పంపగలిగితే అంతకన్నా మంచి పొందిక లేదు. డబ్బు ఒక్కరికే ఉంటే? చాలాచోట్ల డాక్టర్నే పంపుతారు, గుర్తింపుకి డాక్టరే కావాలి కాబట్టి. తప్పదు. కానీ ఆ డాక్టరు బదిలీ అయిన రోజునే బీరువాలో మార్ఫిన్‌కి తాళం పడుతుంది. అందుకే రెండో డాక్టరుకి ఎనిమిది వారాల దూరవిద్య అయినా చేయించి, ఇద్దరి పేర్లూ దరఖాస్తులో పెట్టాలి.

ఏడాది ఫెలోషిప్, మూడేళ్ల ఎండీ ముప్పై పడకల ఆసుపత్రికి తొలి మెట్టు కావు. ఎండీ పాలియేటివ్ మెడిసిన్ 2012లో ముంబయి టాటా మెమోరియల్‌లో మొదలైంది. నీట్ పీజీ రాయాలి, మూడేళ్లు ఊరొదలాలి. కొరాపుట్, బరంపురం మెడికల్ కాలేజీల్లో విభాగం నిలబెట్టే ఉద్దేశం ఉన్నవాళ్లకి అదే సరైనది. ఆరు వారాలు చేసి, ఏడాది రోగుల్ని చూశాక చిక్కు కేసులు ఎదురవుతున్నవాళ్లకి ఫెలోషిప్ పనికొస్తుంది. కార్డిఫ్ యూనివర్సిటీవంటి విదేశీ దూరవిద్యలో చదువు లోతుగా ఉంటుంది, అక్కడ చెప్పే మందుల్లో కొన్ని మాత్రం రాయగడ మందుల షాపులో దొరకవు.

ఏ కోర్సు చేసినా తిరిగొచ్చాక మొదటి ఆర్నెల్లే గండం. వీడియోలో కేసు చూపించి సలహా అడిగే ఎకో తరగతుల్లో చేరి ఉంటే ఆ గండం గట్టెక్కుతుంది. వాటికి ఫోనూ సిగ్నలూ చాలు. డాక్టరు శిక్షణలో ఉండగానే ఫార్మసిస్టు చేత గుర్తింపు దరఖాస్తు, రెండు తాళాల బీరువా, రోజువారీ రిజిస్టరు సిద్ధం చేయించండి. అవి లేక సర్టిఫికెట్ వచ్చిన తర్వాత కూడా నెలల తరబడి మార్ఫిన్ రాని ఆసుపత్రులున్నాయి.