లాటనోప్రోస్ట్ కంటి చుక్కలు: ఎనిమిది నెలల అనుభవం

నీటికాసుల వ్యాధికి (గ్లకోమాకు) వైద్యులు రాసిన 0.005 శాతం లాటనోప్రోస్ట్ చుక్కలను ఎనిమిది నెలలుగా ప్రతి రాత్రీ మా అమ్మగారికి నేనే వేస్తున్నాను. కంటి ఒత్తిడి తగ్గింది. ఆ విషయంలో మందుకు వంక పెట్టలేము.

అయితే రెండో వారం నుంచే కళ్లు ఎర్రబడి, ఇసుక పడ్డట్టు గరగరలాడాయి. తర్వాత రెప్ప వెంట్రుకలు పెరిగి కళ్లద్దాలకు తగలసాగాయి (దానికి మాత్రం అమ్మగారు లోలోపల మురిసిపోయారు). మందు మానేస్తానని ఆవిడ పట్టుబట్టినా, ఈ వ్యాధిలో ఒత్తిడి పెరిగినా సాధారణంగా నొప్పి తెలియదు గనుక, పోయిన చూపు తిరిగి రాదు గనుక, మానకుండా ముందు వైద్యులకు ఫోను చేశాము. మంటకు మందు కంటే అందులో నిల్వ కోసం కలిపే బెంజాల్కోనియం క్లోరైడ్ కారణం కావచ్చని చెప్పి, అది లేని రకానికి మార్చారు. చుక్క వేశాక కన్ను మూసి, ముక్కు పక్కనున్న కంటి మూలను రెండు నిమిషాలు వేలితో నొక్కి పట్టమనీ, రెప్ప మీదికి జారినది తుడిచేయమనీ చేసి చూపించారు. పది రోజుల్లో ఎరుపు తగ్గింది.

ధర ఎక్కువే. పెట్టెలోని కాగితం మీద అక్షరాలు చీమల కన్నా చిన్నవి. కనుపాప చుట్టూ ఉండే వలయం రంగు శాశ్వతంగా ముదరవచ్చన్న ముఖ్యమైన మాటను భూతద్దం పెట్టి వెతుక్కోవలసి వచ్చింది.