సున్నిపిండా, ముల్తానీ మట్టా: ముఖానికి ఏది మేలు?

సబ్బు మానేసి ముఖం కడుక్కోవాలనుకునే వారికి మన ఇళ్లలో ప్రధానంగా మూడు దారులు కనిపిస్తాయి: పెసలతో చేసుకున్న సున్నిపిండి, వంటింటి డబ్బాలోని శనగపిండి, అంగట్లో పొట్లాలుగా దొరికే ముల్తానీ మట్టి. మూడింటినీ ‘సహజం’ అంటూ ఒకే గాటన కట్టేయడం వల్ల, ఎవరికి ఏది సరిపడుతుందన్న అసలు ప్రశ్న వెనకబడిపోతోంది.

సబ్బు మీద ఫిర్యాదులో న్యాయముంది. చర్మం పైపొర స్వల్పంగా ఆమ్లగుణం కలిగి, పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత; 7 కంటే తగ్గేకొద్దీ ఆమ్లం, పెరిగేకొద్దీ క్షారం) 5 దరిదాపుల్లో ఉంటుంది. మామూలు స్నానపు సబ్బు పీహెచ్ 9 నుంచి 10 వరకు ఉంటుంది కనుక, కడిగిన వెంటనే ముఖం పీక్కుపోయినట్టు అనిపించడంలో వింతేమీ లేదు. పప్పుల పిండిలో అంతటి క్షారగుణం ఉండదు. కుంకుడుకాయ నురగకు కారణమైన సాపోనిన్లు పెసలలోనూ శనగలలోనూ కొద్దిగా ఉంటాయి. అవి కొంత జిడ్డును వదిలిస్తే, మిగిలిన నూనెను పిండి పీల్చుకుంటుంది. అయితే ఈ శక్తికి హద్దు ఉంది. నీటికి చెదరని సన్‌స్క్రీన్‌నూ, పెళ్లినాటి మేకప్‌నూ పిండి ఒక్కటే వదిలించలేదు. వాటిని ముందు నూనెతో తుడిచి, ఆ తరువాత పిండి వాడవలసి ఉంటుంది.

ఇక్కడొక విషయం గుర్తు చేయాలి. భోగినాడైనా, నరక చతుర్దశినాడైనా సున్నిపిండి నూనె రాసుకున్న ఒంటికే పెట్టేవారు. పిండి పని ఆ అదనపు నూనెను తీయడం. నూనె పని చర్మం ఎండిపోకుండా చూడడం. జంటలో ఒకదాన్ని వదిలేసి, ఎండిన ముఖానికి రోజూ పిండి రుద్దుకుంటూ చర్మం పొడిబారుతోందని వాపోవడం పిండి తప్పు కాదు. పొడిచర్మం గలవారు పిండిని నీటితో కాక, మీగడతోనో పాలతోనో కలుపుకోవడం మేలు.

పెసరపిండికీ శనగపిండికీ మధ్య తేడా స్వల్పమే. శనగపిండి తడిస్తే జిగటగా మారి కనుబొమల్లోనూ, నుదుటి అంచు వెంట్రుకల్లోనూ పట్టుకుంటుంది. పెసరపిండి తేలిగ్గా వదులుతుంది కాని ఇంట్లో మిక్సీ పట్టినప్పుడు రవ్వగా మిగులుతుంది. ఆ రవ్వతో గట్టిగా రుద్దితే, ముఖ్యంగా మొటిమలున్న చర్మంపై, మంట పెరిగి నల్లమచ్చలు మిగులుతాయి. మన చామనచాయ చర్మంలో ఆ మచ్చలు నెలల తరబడి పోవు. పలుచని బట్టలో జల్లించిన పెసరపిండికే నా మొగ్గు.

ముల్తానీ మట్టి సంగతి వేరు. నేడు పాకిస్తాన్‌లో ఉన్న ముల్తాన్ నగరం పేరు మోస్తున్న ఈ బంకమట్టిని మన దేశంలో రాజస్థాన్‌లోని బాడ్‌మేర్, బికానేర్ ప్రాంతాల్లోనూ తవ్వుతారు. ఉన్ని నుంచి జిడ్డు తీయడానికి ఒకప్పుడు వాడిన మట్టి జాతి ఇదే అంటే, దాని బలమెంతో ఊహించవచ్చు. జిడ్డుచర్మం గలవారికి, ముక్కు, నుదురు, గడ్డం భాగాల్లో వారానికొకసారి పూయడానికి పిండికంటే ఇది మెరుగు. పూత ఎండి బిగుసుకున్నప్పుడు చర్మం గట్టిపడిందని సంతోషిస్తారు కాని, అది మట్టి తడారి కుంచించుకుపోవడం తప్ప మరేమీ కాదు. నెర్రెలు విచ్చేదాకా ఉంచకుండా, ఇంకా కాస్త చెమ్మ ఉండగానే, అంటే సుమారు 10 నిమిషాలకే కడిగేయాలి. పొడిచర్మానికీ, చలికాలానికీ, రోజువారీ వాడకానికీ ఇది పనికిరాదు.

పిండి, మట్టి ఎంపిక కంటే వాటిలో ఏం కలుపుతున్నామన్నదే తరచు మేలునో కీడునో నిర్ణయిస్తుంది. నిమ్మరసం పీహెచ్ సుమారు 2 మాత్రమే. పైగా నిమ్మజాతి పండ్లలోని కొన్ని పదార్థాలు చర్మంపై ఉండగా ఎండ తగిలితే బొబ్బలు, నల్లమచ్చలు రావచ్చు. తెల్లబడాలని రాసుకున్నది నలుపు మిగల్చడమంటే ఇదే. సున్నిపిండిలో వేసే బావంచాలలో ఉండే సోరలెన్ కూడా ఆ కోవదే. బొల్లి వైద్యంలో దాన్ని అతినీలలోహిత కాంతితో కలిపి వాడేది అందుకే. ఒంటికి వాడే సున్నిపిండిలో సంప్రదాయం కొద్దీ బావంచాలు వేసుకున్నా, పగటిపూట ముఖానికి వాడేదాంట్లో మానేయడం మంచిది. కచ్చూరాలు, ఎండిన గులాబీ రేకులు ప్రధానంగా సువాసనకే. పుల్లటి పెరుగులోని లాక్టిక్ ఆమ్లం మృదువుగా పనిచేస్తుంది కనుక, నిమ్మకు బదులు దానిని ఎంచుకోవచ్చు.

పసుపు విషయంలో వంట పసుపుకంటే కస్తూరి పసుపు ముఖానికి అనువైనది, ఎందుకంటే రంగునిచ్చే కర్కుమిన్ అందులో తక్కువగా ఉండి మరక పట్టదు. ఏదైనా కొమ్ములుగా కొని ఇంట్లో దంచుకుంటే, పొడిలో కలిపే మెటానిల్ ఎల్లో వంటి రంగుల బెడద తప్పుతుంది. చిటికెడు మించి అవసరం లేదు.

కాబట్టి మామూలు చర్మానికి రోజుకొకసారి జల్లించిన పెసరపిండి, జిడ్డుచర్మానికి దానితోపాటు వారానికొకసారి ముల్తానీ మట్టి, పొడిచర్మానికి మీగడతో కలిపిన పిండి అప్పుడప్పుడు అన్నది నా నిర్ణయం. శనగపిండి వేరేదేదీ చేతికి అందనప్పటి మాట. ఏది ఎంచుకున్నా తడిపిన ముద్దను మరునాటికి దాచకూడదు, గిన్నెలో మిగిలినది పారేయవలసిందే. కొత్తదాన్ని మోచేతి మడతలో రాసి ఒక రోజు చూశాకే ముఖానికి తేవాలి. గడ్డలు కట్టే మొటిమలకూ, చెంపల మీద మంగుకూ మాత్రం ఈ మూడింటిలో ఏదీ మందు కాదు; అవి చర్మవైద్యులు చూడవలసినవి.