నెల్లూరు పొగతోటలో నోటి ఆపరేషన్‌కి అడ్వాన్స్ కట్టబోతున్నారా? ముందు రిపోర్టు చదవండి

నెల్లూరు, ఒంగోలు వైపు నోట్లో పుండుతో ఆస్పత్రులు తిరుగుతున్నవాళ్లు జాగ్రత్త. బయాప్సీ (పుండులోంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) రిపోర్టు చేతికి రాకుండా ఏ ప్యాకేజీకీ డబ్బు కట్టకండి.

మాది కావలి. నాన్న పైదవడ పన్ను పీకించుకున్న కొద్దిరోజులకు అంగిలి వాచింది. ఒకరోజు అన్నం తింటుంటే అక్కడి నుంచి చిన్న ముక్క ఊడొచ్చింది. టార్చి వేసి చూస్తే రూపాయి బిళ్లంత గుంట, అంచులు లేచి, అడుగు పసుప్పచ్చగా. నొప్పి మాత్రం పెద్దగా లేదు. చుట్ట అలవాటు ఉందనగానే పొగతోటలో ఒక ప్రైవేటు ఆస్పత్రి వాళ్లు క్యాన్సరే అన్నారు. బయాప్సీ చేశాక, అంగిలి ఎముక తీసేయాలట, ఈరోజే అడ్వాన్స్ కడితే తగ్గింపట. ఆషాఢం సేల్ అనుకున్నారేమో!

రిపోర్టు అడిగితే "మీకు అర్థం కాదులే" అన్నారు. పట్టుబట్టి తీసుకుంటే చివర్లో ఉంది: ముక్క పైపైన తీశారు, తేల్చి చెప్పలేం, లోతుగా తీసి మళ్లీ పంపండి అని. ఆ లైను మాకెవరూ చెప్పలేదు.

తీసిన ముక్కని ల్యాబులో దాచే స్లైడ్లు, మైనపు బ్లాకులు తీసుకుని వేరేచోట ఓరల్ పాథాలజిస్టుకి (నోటి ముక్కల్ని మైక్రోస్కోపులో చూసి జబ్బు తేల్చే డాక్టరు) చూపించాం. లోతుగా ముక్క తీయించారు. తేలింది క్యాన్సర్ కాదు, నెక్రోటైజింగ్ సయాలోమెటాప్లాసియా అనే జబ్బు. అంగిట్లో వందల చిన్న లాలాజల గ్రంథులుంటాయి. మత్తు ఇంజెక్షన్, సరిగ్గా అమరని కట్టుడుపళ్లు, పొగ లాంటివాటి వల్ల వాటికి రక్తం అందకపోతే ఆ భాగం చచ్చి ఊడిపోతుంది. మిగిలిన లాలాజల నాళాల కణాలు రూపం మార్చుకుని మైక్రోస్కోపులో అచ్చం క్యాన్సర్‌లా కనిపిస్తాయి. గ్రంథి ఆకారం చెదరకుండా ఉందా అన్నది చూసి తేడా పట్టాలి, దానికి ముక్క లోతుగా ఉండాలి. 1973లోనే వైద్య పత్రికలకెక్కిన జబ్బు ఇది. మామూలుగా 6 నుంచి 10 వారాల్లో దానంతటదే మానుతుంది, ఆపరేషన్ అక్కర్లేదు. నాన్నకీ ఉప్పునీళ్ల పుక్కిలింతతోనే పూడిపోయింది. చుట్ట మానమంటే మాత్రం ఇంకా గొణుగుతున్నారు.

అలాగని అంగిట్లో ప్రతి పుండూ ఇదే అనుకుని ఇంట్లో కూర్చోవద్దు. పొగాకు పండించే, కాల్చే ప్రాంతం మనది, నిజం క్యాన్సర్లూ వస్తాయి. రెండు మూడు వారాల్లో మానకపోతే బయాప్సీ తప్పదు.

రిపోర్టు ఇవ్వం అని వాళ్లంటే కాగితం మీద రాసిచ్చి అడగండి. రికార్డులు 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్యమండలి నిబంధనల్లోనే ఉంది. స్లైడ్లు, బ్లాకులు కూడా అదే కాగితంలో రాయండి. మా దగ్గర గొంతు పెంచిన కౌంటర్ అమ్మాయి, రాతపూర్వకంగా అడిగేసరికి కవరు తెచ్చి ఇచ్చింది.